సరే అన్న నిలుపరి

ఉదయభానుడు తూర్పుకొండ మీంచి తొంగిచూసేసరికి కాంచనమేఖలా నగరం నిలువెల్లా తళతళలాడింది. పైకోటలో నూరుగురు ప్రభువులకు నూరు మేడలు. మేడమేడకూ పసిడి కలశాలు, పాలరాతి మెట్లు, పగడాల తోరణాలు, చిలకలు పవళించే దంతపు గూళ్లు. తలెత్తి చూసినవాడికి కళ్లు చెదరడమే కాదు, మెడ కూడా పట్టేసేది. ఆ కొండ దిగువన ఏడు పేటలున్నాయి. అక్కడ మెరిసేవేమీ లేవు గానీ పైన మెరిసే ప్రతి వస్తువూ అక్కడే తయారయ్యేది. పైవాళ్లు కట్టే గుడ్డ, తాగే కుండ, చివరికి వాళ్లు ఊరేగే పల్లకి బొంగు కూడా పేటలదే. ఆ ఏడు పేటలకూ కలిపి నీటి ఆధారం ఒక్క తల్లికాలువ.

ఆ రాజ్యంలో రాజు లేడు. ఆఖరి రాజు ఆగడాలు భరించలేక జనమంతా ఏకమై తరిమేశారు. తరిమేటప్పుడు అందరూ ఉన్నారు, సింహాసనం దగ్గరికి వచ్చేసరికి నూరుగురే మిగిలారు. వాళ్లు ప్రభువులై, సభ పెట్టుకుని, పేటల నెత్తినెక్కి కూర్చున్నారు. ఓర్చినంతకాలం ఓర్చి, ఒకనాడు ఏడు పేటలూ పొయ్యిలార్పేసి, పిల్లామేకాతో ఊరు విడిచి ఏనుగుగుట్ట ఎక్కాయి. మొదటి రోజు ప్రభువులు నవ్వారు. మూడో రోజుకు పైకోటలో ఉతికిన గుడ్డ లేదు. అయిదో రోజు సాక్షాత్తూ సభాపతి రణభైరవ దేవర తన గడ్డం తానే గీసుకోబోయి చెవి కోసుకున్నాడు. ఆరో రోజు రాయబారం వచ్చింది.

ఆ రాయబారంలో పుట్టిన పదవే నిలుపరి. ఏడాదికొకసారి పేటలవాళ్లు తమలో ఒకణ్ని ఎన్నుకుంటారు. సభ లోపలికి అతనికి ప్రవేశం లేదు, గుమ్మం బయట ఒక చెక్కపీట మాత్రం ఉంటుంది. ఆ పీట మీద కూర్చుని ఏ శాసనాన్నైనా “కూడదు” అన్నాడంటే అది అక్కడికక్కడే చచ్చినట్టు. నగరపు గోడల లోపల ఏ మనిషీ నిలుపరి ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. అందుకు బదులుగా అతని ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. అతను అన్న మాట వెనక్కి తీసుకోకూడదు.

ఆ ఏడు నిలుపరి కుమ్మరి జంపన్న. చేతులు పెద్దవి, మాటలు తక్కువ. పదవిలోకి వచ్చిన ఆరు నెలల్లో పదకొండు శాసనాలకు కూడదన్నాడు. పన్నెండోది ఆ రోజే సభకు రాబోతోంది. తల్లికాలువ నీళ్లన్నీ పైకోట తామరకొలనులకు మళ్లించాలన్నది రణభైరవుడి పన్నాగం. కొలనులు ఒట్టి సాకు. కాలువ ఎండితే పేటలు పది రోజులు కూడా నిలవలేవు, పదకొండో రోజుకు నిలుపరీ వద్దు, పీటా వద్దు, గుక్కెడు నీళ్లిస్తే చాలని కాళ్ల మీద పడతాయి.

జాము పొద్దెక్కాక సభ. జంపన్న తలపాగా చుట్టుకుంటుండగా, తెరిచి ఉన్న తలుపులోంచి ఒక ముసలవ్వ నడుము వంచుకుని లోపలికి వచ్చింది. నెత్తి మీది ముసుగు ఇంత ఎత్తున ఉబ్బి ఉంది.

“నాయనా, నా మనవరాలికి పెళ్లి కుదిరింది. నీ చలవే. ఈ నువ్వులుండ తిని దీవించు,” అంది.

జంపన్నకు పొద్దున్నుంచి కడుపులో ఏమీ లేదు. నువ్వులుండంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఒక్క కొరుకులో సగం, రెండో కొరుకులో మిగతా సగం అయిపోయింది. అవ్వ కిలకిలా నవ్వింది. ఆ నవ్వుతోపాటు ముసుగులోంచి “బెక్” మని ఒక శబ్దం వచ్చింది. చూస్తుండగానే ముసుగు జారింది, వంగిన నడుము నిటారయింది, నెత్తిన జడలు విచ్చుకున్నాయి, ఆ జడల మధ్యలోంచి అరచేయంత కప్ప ఒకటి తొంగిచూసింది. వాడు మండూకజటుడు! నగరానికి అవతల మకరతటాకం గట్టున గుహలో ఉండే మాంత్రికుడు, రణభైరవుడి కుడిభుజం.

“ఎవడురా నువ్వు, ఆగు!” అని అరవబోయాడు జంపన్న. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒకటే మాట.

“సరే!”

జంపన్న బిత్తరపోయాడు. వద్దనబోయాడు. “సరే.” తల్లిని పిలవబోయాడు. “సరే.” గొంతు చించుకుని బూతు తిట్టబోయాడు. అది కూడా ఎంతో మర్యాదగా “సరే” అనే వచ్చింది.

“మూగవాణ్ని చేద్దామన్నాను గానీ దేవరవారు ఒప్పుకోలేదు,” అన్నాడు మండూకజటుడు కప్పను నిమురుతూ. “మూగవాడైతే పేటలు ఇంకొకణ్ని ఎన్నుకుంటాయి. అదే వాళ్లు ఎన్నుకున్నవాడే కాలువకు సరే అన్నాడనుకో, ఇక నిలుపరి పేరెత్తితే ఉమ్మేస్తారు. బాగుందా?”

“సరే,” అన్నాడు జంపన్న, పళ్లు పటపట కొరుకుతూ. మాంత్రికుడు పొగై తలుపులోంచి జారిపోయాడు.

జంపన్న వీధిలోకి పరిగెత్తాడు. నిలుపరి కనిపిస్తే జనం ఊరుకుంటారా! ఒకడు ఎదురొచ్చి, “అన్నా, నీ తలపాగా ఓ పూట ఎరువిస్తావా?” అన్నాడు. “సరే.” తలపాగా పోయింది. గొర్రెల మల్లడు, “మా పొట్టేలు పందానికి తీర్పు చెప్తావా?” అన్నాడు. “సరే.” మేదరి సుంకులమ్మ చాటంత మొహంతో, “మా మూడో పిల్లని చేసుకుంటావా బాబూ?” అంది. “సరే!” సుంకులమ్మ చాటలు గాలికొదిలేసి వీధి పొడుగునా శుభవార్త చెప్పుకుంటూ పోయింది. నాలుగు వీధులు దాటేసరికి జంపన్నకు ఒక పెళ్లి, రెండు తీర్పులు, ఒక బారసాల ఖాయమైపోయాయి.

అయిదో వీధి మొగలో పైడి ఎదురైంది. పైడి ఏడు పేటలకూ దండోరా వేసే పిల్ల. తాతల నాటి డప్పు భుజాన వేసుకుని, సభలో పుట్టిన ప్రతి శాసనాన్నీ పేటల్లో చాటడం ఆమె పని. ఒక్క అక్షరం మార్చి చాటితే నాలుక కోస్తారు, అందుకే ఆమె చెవులు బహు నికరం.

“సుంకులమ్మ కూతుర్ని చేసుకుంటున్నావంట?” అంది నడుం మీద చెయ్యేసి.

“సరే.”

“సరే ఏంటి? అవునో కాదో చెప్పు.”

“సరే!” జంపన్న తల అడ్డంగా ఊపుతున్నాడు, గొంతు పట్టి చూపిస్తున్నాడు, కళ్లల్లో నీళ్లు.

పైడి అతని మొహంలోకి పరకాయించి చూసింది. “నన్ను గాడిదంటావా?” “సరే.” “నువ్వే గాడిదవంటావా?” “సరే.” పైడి గుండె గుభేల్‌మంది. “ఓరి దేవుడా! నీ నోరు కట్టేశారు కదయ్యా!”

సరిగ్గా అప్పుడే కొండ మీద సభాశంఖం మొదటిసారి మోగింది. మూడో శంఖానికి నిలుపరి పీట మీద లేకపోతే అతన్ని అడగకుండానే శాసనం సాగిపోతుంది. పేటల నోట్లో మట్టి కొట్టినట్టే.

“పద! ముందు పీట చేరు. తర్వాతి సంగతి దారిలో ఆలోచిద్దాం,” అంది పైడి.

కానీ దారి ఖాళీగా లేదు. కొండదారికి రెండువైపులా రణభైరవుడి భటులు బారులు తీరి నిలబడ్డారు. ఒంటి మీద చెయ్యి వెయ్యలేరు, నోటికి అడ్డేముంది? మొదటివాడు గొంతు సవరించుకుని, “నిలుపరి గారూ, వెనక్కి తిరిగి ఇంటికి...” అని మొదలుపెట్టాడు.

ఆ ప్రశ్న పూర్తయితే సరే అంటాడు. సరే అంటే మాట తప్పకూడదు. పైడికి మెరుపులా ఉపాయం తట్టింది. పుల్ల తీసి డప్పు మీద దబదబా బాదింది. దిక్కులు దద్దరిల్లాయి. భటులు నోళ్లు తెరుస్తున్నారు, మూస్తున్నారు, ఒక్క మాటా జంపన్న చెవిని చేరలేదు. వినపడనిదానికి సరే అనేదెవడు? డప్పు ముందు, నిలుపరి వెనక, ఇద్దరూ బారుల మధ్యలోంచి దూసుకుపోయారు.

రెండో శంఖం మోగింది. ఎదురుగా కోటగుమ్మం తెరుచుకుంది. అక్కణ్నుంచి మాత్రం మనుషులు రాలేదు. నిలుపరి మీద మనిషి చెయ్యి వెయ్యకూడదని ఒడంబడికలో ఉంది గానీ ఏనుగు తొండం వెయ్యకూడదని లేదు! పైకోట పట్టపుటేనుగు గండరగండడు, కల్లు తాగించి వదిలినవాడు, చెవులు చాటల్లా విసురుకుంటూ, నేల అదిరేలా దూకుతూ వచ్చాడు. డప్పు మోతకు వాడి తిక్క ఇంకా పెరిగింది.

“అటు!” అంది పైడి. పక్కనే పైకోటకు కుండలు మోసే అడ్డదారి, మెట్లు లేని నిటారు బాట. జంపన్న పదేళ్లుగా నెత్తిన కుండల బరువుతో ఎక్కిన బాట అది. ఖాళీ నెత్తితో ఎక్కడం ఇదే మొదలు. వెనక గండరగండడి ఘీంకారం, వాడి ఊపిరి వేడి వీపుకు తగులుతోంది. వాడి తొండం జంపన్న ఉత్తరీయం అందుకుంది. ఉత్తరీయం దక్కించుకుని ఏనుగు సంతోషించింది, ప్రాణం దక్కించుకుని జంపన్న సంతోషించాడు. జంపన్నా పైడీ ఒకరి మీద ఒకరు పడుతూ సభామండపం ముందు తేలారు. అక్కడున్న పూలగంపలు చూసి గండరగండడు వచ్చిన పని మరిచి ఫలహారానికి కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ ఏనుగే తరమకపోతే వాళ్లు వేళకు చేరేవాళ్లు కాదు.

మూడో శంఖం మోగుతుండగా జంపన్న పీట మీద కూలబడ్డాడు.

లోపల సభ ఇంద్రసభే. నూరు సింహపీఠాలు, నూరు వింజామరలు, పునుగు జవ్వాజి ఘుమఘుమలు, మధ్యలో పట్టుదిండుకు చేరగిలి రణభైరవ దేవర, ఒక పక్క చెవికి పాత గాటు. ఆయన కుడివైపున ధర్మాధికారి వాచస్పతి కూర్చున్నాడు. ఎనభై దాటిన ముసలాయన, తాళపత్రాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఎవరి పక్షమూ ఎరగడు. ఒడంబడిక పూర్తిగా చదివినవాడు ఆ సభలో ఆయనొక్కడే. మిగతావాళ్లకు అంత ఓపిక ఎక్కడిది?

పైకోటవాళ్లకు ఒక పట్టింపుంది. అమంగళపు మాట నోట రాకూడదు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. ఇక సభలో అమంగళం పలికినవాడు ఎంతటివాడైనా నలభై రోజులు సభ గడప తొక్కరాదు. కాబట్టి రణభైరవుడి శాసనాన్ని లేఖకుడు ఎంతో అందంగా రాశాడు.

వాచస్పతి వణికే గొంతుతో చదివాడు: “నేటి అస్తమయమునకు తల్లికాలువ నిండుకొనవలెను. నిలుపరీ, ఇది సాగునా?”

గుమ్మం బయట అప్పటికే ఏడు పేటల జనం గుమిగూడారు. అందరి కళ్లూ జంపన్న నోటి మీదే.

“సరే,” అన్నాడు జంపన్న.

జనం గుండెల్లో రాయి పడింది. “జంపన్నా, అమ్ముడుపోయావా?” అని ఎవరో ఏడ్చారు. సభలో నూరు మీసాలు ఒక్కసారి లేచాయి. ఒడంబడిక ప్రకారం మూడుసార్లు అడగాలి. వాచస్పతి రెండోసారి శాసనం చదివి, “సాగునా?” అన్నాడు. జంపన్న రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి “సరే” జారిపడింది. అతని చెంపల మీద కన్నీళ్లు ధారకట్టాయి. అంత దుఃఖం అతను పుట్టి ఎరగడు.

పైడి మాత్రం ఏడవడం లేదు. తల పక్కకు వంచి వింటోంది. చాటాల్సిన మాటను గుర్తుపెట్టుకోవడం ఆమె పుట్టువిద్య. ‘నిండుకొనవలెను’ అని పెదవులతో అనుకుంది. మళ్లీ అనుకుంది. ఉన్నట్టుండి ఆమె కళ్లు మిలమిలలాడాయి.

“జంపన్నా! నోరు మూసుకోకు! గట్టిగా అను, కొండ ప్రతిధ్వనించాలి!”

“సాగునా?” అన్నాడు వాచస్పతి మూడోసారి.

“స...రే!”

ఏనుగు కూడా తలెత్తి చూసింది. రణభైరవుడు ఫక్కున నవ్వి, “మరి శాసనం సభది. ఇక అమలు...” అని లేవబోయాడు.

“ఉండండి దేవరా,” అన్నాడు వాచస్పతి తాళపత్రం తిప్పుతూ. “కూడదంటే శాసనం కొండెక్కింది. మౌనం వహిస్తే శాసనం సభది. సరే అంటే మాత్రం శాసనం పేటలది. దండోరాలో చాటిన మాట ప్రకారం అమలు జరిపేది పేటలవారే. సభ అడ్డురాకూడదు. ఇంతవరకూ ఏ నిలుపరీ సరే అనలేదు గనుక మీకు తెలిసే అవకాశం లేదు.”

“ఎవరు అమలు జరిపితేనేం?” అన్నాడు రణభైరవుడు చెయ్యి విసిరి.

పైడి గుమ్మం ముందు మోకరిల్లింది. “ధర్మాధికారి గారూ, నేను చాటాల్సింది ‘తల్లికాలువ నిండుకొనవలెను’ అనే కదా? అక్షరం మార్చకూడదు కదా?”

“మారిస్తే నాలుక పోతుంది తల్లీ.”

పైడి లేచి, జనం వైపు తిరిగి, డప్పు మీద మూడు దెబ్బలు వేసింది. “వినండహో! ఇందుమూలంగా ఏడు పేటల జనానికీ తెలియజేయడమేమనగా! ‘నేటి అస్తమయమునకు తల్లికాలువ నిండుకొనవలెను!’ అంటే నిండాలంట! అంచుల దాకా నిండాలంట! ఇది సభవారి ఆజ్ఞహో!”

తర్వాత జనంలో నవ్వు మొదలై ఏడు పేటలకూ పాకింది.

“అబద్ధం!” రణభైరవుడు గర్జించాడు. “నిండుకోవడమంటే నిండడమా? ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే ఏమిటి అర్థం?”

“ఏమో దేవరా,” అంది పైడి చేతులు కట్టుకుని. “మా ఇళ్లల్లో బియ్యం అయిపోతే అయిపోయాయనే అంటాం. రోజూ జరిగేదానికి మర్యాదలెందుకు?”

“కాలువ ఎండిపోవాలే మూర్ఖురాలా! చుక్క లేకుండా ఎండి చావాలి!”

సభ మొత్తం చెవులు మూసుకుంది. వింజామరలు ఆగిపోయాయి. వాచస్పతి మెల్లగా లేచి, వెండి గంట మూడుసార్లు కొట్టాడు. “ఆ మొదటి మాట ఒకటి, ఆ చివరి మాట ఒకటి. సభలో రెండు అమంగళాలు. సభాపతీ, నలభై, నలభై, వెరసి ఎనభై రోజులు మీకు గడప దూరం.” నూరుగురిలో తొంభైతొమ్మిది మంది, అలవాటు కొద్దీ, తలలూపారు. వాళ్లలో పది మందికైనా ఆ పీఠం మీద చాలాకాలంగా కన్నుంది.

రణభైరవుడు నిప్పులు కక్కుతూ గుమ్మం దాటుతూ జంపన్న వైపు వంగాడు. “నవ్వు, నవ్వు. తూము పొద్దున్నే మూయించేశాను. చీకటిపడే లోపు నిండకపోతే శాసనం తప్పినవాళ్లు పేటలవాళ్లే. అప్పుడు నీ పదవి ఊడుతుంది, కాలువా దక్కదు.”

మకరతటాకం తూము నగరపు గోడకు అవతల కూతవేటు దూరంలో ఉంది. గోడ దాటితే నిలుపరి కూడా అందరిలాంటి మనిషే, ఎవడైనా కొట్టొచ్చు, కట్టొచ్చు, నరకొచ్చు.

పైడి నవ్వు మాయమైంది. “బయటికెళ్తే నీకు కాపు లేదు జంపన్నా. అయినా వస్తావా?”

“సరే,” అన్నాడు జంపన్న. ఆ మాట మంత్రం అన్నదో మనిషి అన్నదో పైడికి తెలియలేదు. అడుగుదామనుకునేసరికి అతను అప్పటికే కొండ సగం దిగిపోయాడు.

మకరతటాకం సముద్రానికి చెల్లెలు. ఎర్రతామరలు, తెల్లకలువలు, గట్టున మొగలి పొదలు, నీళ్లల్లో మిలమిల తిరిగే వెండి చేపలు. ఆ అందమంతా చూసే తీరిక వాళ్లకు లేదు. పొద్దు మొగలి పొదల మీదికి వాలిపోయింది. తూము మీది రాతి మండపంలో మండూకజటుడు కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. వాడి వెనక కత్తులు దూసిన ఇరవై మంది.

“రావయ్యా నిలుపరీ! నీకోసం ఒక ప్రశ్న దాచిపెట్టాను,” అన్నాడు.

పైడి డప్పెత్తింది. వాడు మంత్రించి గులకరాయి విసిరాడు. డప్పు తోలు నిలువునా చీలింది. పైడి గొంతెత్తి అరిచింది గానీ, వాడి జడల్లోని కప్ప బెకబెకమంటే చెరువులోని కప్పలన్నీ బెకబెకమని, ఆమె కేకను ముంచేశాయి. మళ్లీ వాడి సైగతో అన్నీ గప్‌చుప్ అయ్యాయి. ఆ నిశ్శబ్దంలో వాడి ప్రశ్న గంట కొట్టినట్టు వినపడింది.

“నిలుపరీ! నీ ఏడు పేటల జనాన్నీ, పుట్టినవాళ్లనూ పుట్టబోయేవాళ్లనూ, నాకు బానిసలుగా ధారపోస్తావా?”

జంపన్న గొంతులో ‘స’ పుట్టింది. నాలుక మీదికి వచ్చింది. పళ్లను తోసింది. ఇక క్షణం ఆలస్యమైతే బయటపడుతుంది. అతను ఇరవై కత్తుల వైపు చూడలేదు, పైడి వైపు చూడలేదు. గట్టు మీంచి తలకిందులుగా మకరతటాకంలోకి దూకాడు. నీళ్లు నోరు నింపేశాయి. ఆ మాట ఒక బుడగై పైకి తేలి, చిటుక్కున పగిలింది. ఎవరికీ వినపడలేదు!

అడుగున చీకటిలో అతని చేతులకు తూము తగిలింది. రాతిపలక అడ్డంగా పెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తి, మంత్రం వేసి బిగించారు. రాయినైతే ఏమీ చెయ్యలేకపోయేవాడు. మట్టి కదా! బంకమట్టి కోసం చెరువుల అడుగులు దేవడం వాళ్ల ఇంట్లో ఏడు తరాల పని. వేళ్లు గుచ్చి ఒక పెళ్ల ఊడదీశాడు. ఇంకొకటి. ఛాతీ మండుతోంది. ఇంకొకటి. చెరువు బరువంతా పలక మీద పడింది. పలక కిర్రుమంది, వంగింది, ఫెళ్లున లోపలికి విరిగిపడింది.

మకరతటాకం ఒక్కసారిగా గర్జించింది. ఏనుగంత నీరు తల్లికాలువలోకి విరుచుకుపడింది. మండపం కూలింది. మండూకజటుడు జడలు పట్టుకుని, ఇరవై మంది కత్తులు పారేసి, గట్టెక్కి పరుగులంకించుకున్నారు. దూరాన గోడ మీద నిలబడ్డ పేటల జనం నీళ్ల మోత విని ఈలలు వేస్తున్నారు. ఆ నురగల మధ్యలో ఒక తల తేలింది, మునిగింది, మళ్లీ తేలింది. జంపన్న! ప్రవాహం అతన్ని బాణంలా లాక్కుపోతోంది. ఎదురుగా నగరపు గోడ కింద, నోరు తెరుచుకుని, అరక్రోసు పొడుగు చీకటి సొరంగం.

పైడి గట్టు వెంట వెర్రిగా పరిగెత్తింది. కుమ్మరులు బాగా మునుగుతారని ఆమెకు తెలుసు. తేలే సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

“జంపన్నా! నీకు ఈత వచ్చునా?”

సొరంగం అతన్ని మింగేసింది. చీకట్లోంచి, నీళ్ల హోరు మీదుగా, గుక్కతిప్పుకోని గొంతుతో జవాబు వచ్చింది.

“సరే!”